0.5 పెద్దదా, 0.35 పెద్దదా? ఇంట్లోనే పిల్లలకి దశాంశాలు, శాతాలు

ఈ ఎపిసోడ్ చూస్తున్నవాళ్లలో చాలామంది ఇంటర్‌లోనో, డిగ్రీలోనో, కొత్తగా ఉద్యోగంలోనో ఉన్నవాళ్లే అని నాకు తెలుసు. మరి అయిదో తరగతి లెక్కలతో మనకేం పని అంటారా? పని ఉంది. మీ ఇంట్లో తమ్ముడో, చెల్లెలో, అన్నయ్య కొడుకో, అక్క కూతురో ఎవరో ఒకరు నోట్‌బుక్ పట్టుకుని మీ దగ్గరికే వస్తారు. ఇంట్లో ఫోన్ ఎక్కువసేపు ఉండేది మీ చేతిలోనే కాబట్టి, మీకు అన్నీ తెలుసని వాళ్ల నమ్మకం. అలా వచ్చినప్పుడు మనం ఏం చేస్తాం? కాలిక్యులేటర్ తీసి, జవాబు చెప్పేసి, "పో, రాసుకో" అంటాం. నేనూ అదే చేసేదాన్ని.

మొన్న సెలవుల్లో మా అక్క వాళ్లింటికి వెళ్లాను. అక్క కూతురు అయిదో తరగతి. ఇంట్లో అందరం చిట్టి అంటాం. హోంవర్క్‌లో ఒక ప్రశ్న ఉంది: 0.5, 0.35 వీటిలో ఏది పెద్దది? చిట్టి క్షణం ఆలోచించకుండా 0.35 అని రాసేసింది. "తప్పు" అన్నాను. "ఎందుకు తప్పు పిన్నీ? ముప్పై అయిదు, అయిదు కంటే పెద్దదేగా?" అంది. నేను వెంటనే రూల్ చెప్పాను. "0.5 పక్కన ఒక సున్నా పెట్టు, 0.50 అవుతుంది, యాభై పెద్దదా ముప్పై అయిదు పెద్దదా?" అన్నాను. అది సరే అని దిద్దుకుంది. కాసేపాగి మళ్లీ వచ్చింది. "పిన్నీ, 5 పక్కన సున్నా పెడితే 50 అయిపోతుంది, విలువ మారుతుంది అన్నావు కదా. మరి ఇక్కడ సున్నా పెడితే ఎందుకు మారలేదు?"

నిజం చెప్తున్నాను, నా దగ్గర జవాబు లేదు. రూల్ తెలుసు, కారణం తెలియదు. పదో తరగతి లెక్కల్లో తొంభై దాటి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను.

ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. అది చెప్పాకే అసలు విషయంలోకి వెళ్దాం, ఎందుకంటే ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం అదే.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు మా నాన్నకి పొలంలో బోరు వేయించడానికి 60,000 రూపాయలు కావాల్సొచ్చింది. బ్యాంకుకి వెళ్తే 12 శాతం వడ్డీ అన్నారు. ఊళ్లో అప్పు ఇచ్చే ఆయన రెండు రూపాయల వడ్డీ అన్నాడు. నాన్న ఇంటికొచ్చి నన్ను అడిగారు: "శాతం అంటే నూటికే కదమ్మా?" "అవును నాన్నా, నూటికే" అన్నాను. "అయితే బ్యాంకువాళ్లు నూటికి పన్నెండు అంటున్నారు. ఈయన నూటికి రెండే." నేను తలూపాను. నాన్న రెండు రూపాయల వడ్డీకే తెచ్చారు.

తేడా ఎక్కడుందో ఊళ్లలో పెరిగినవాళ్లకి ఈపాటికి అర్థమై ఉంటుంది. ఊరి వడ్డీ నూటికి నెలకి. బ్యాంకు వడ్డీ నూటికి ఏడాదికి. రెండు రూపాయల వడ్డీ అంటే పన్నెండు నెలలకి నూటికి 24 రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. సరిగ్గా బ్యాంకుకి రెట్టింపు. 60,000 మీద నెలకి 1,200, ఏడాదికి 14,400. అదే 12 శాతమైతే ఏడాదికి 7,200. అసలు తీర్చకుండా రెండేళ్లు వడ్డీ ఒక్కటే కడుతూ వచ్చాం. 14,400 అనవసరంగా పోయాయి. నాన్నకి ఊరి వడ్డీ బాగా తెలుసు. నాకు పుస్తకంలో శాతం బాగా తెలుసు. ఇద్దరం "నూటికి" అన్న మాట సరిగ్గానే పట్టుకున్నాం. "ఎన్నాళ్లకి?" అని మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

ఈ సంగతి నాకు డిగ్రీలో తెలిసొచ్చింది. నాన్నకి చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది. విని ఆయన ఏమీ అనలేదు. "అడగాల్సింది నేనే కదమ్మా" అన్నారు అంతే.

అందుకే చిట్టి ప్రశ్న అంత గట్టిగా తగిలింది. దశాంశం అయినా, శాతం అయినా, అది ఒక ముక్క. ముక్క ఎంతో తెలియాలంటే ముందు "ఎంతలో?" అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్న అలవాటైతే మిగతా రూల్స్ అన్నీ వాటంతట అవే వస్తాయి. మర్నాటి నుంచి రోజుకి పదిహేను నిమిషాలు చిట్టితో కూర్చున్నాను. ఏం చేశామో వరుసగా చెప్తాను. దేనికీ డబ్బులు ఖర్చు కాలేదు.

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. 0.35 పెద్దది అన్న పిల్లకి తెలివి లేక కాదు. ఒకటో తరగతి నుంచి అది నేర్చుకున్నదంతా, అంకెలు ఎక్కువ ఉంటే సంఖ్య పెద్దది అనే. 35 అయిదు కంటే పెద్దది, 100 తొంభై తొమ్మిది కంటే పెద్దది. నాలుగేళ్లు పనిచేసిన సూత్రం ఒక్క చుక్క రాగానే పనిచేయడం మానేస్తే పిల్లలు తికమకపడరా? అందుకే తిట్టకండి. "ఎందుకలా అనుకున్నావు?" అని అడగండి. జవాబులో ఒక లాజిక్ ఉంటుంది, అది తెలిస్తేనే దిద్దగలం.

ఇంకో చిన్న మాట. మనం చదివే తీరులోనే ఈ తప్పు మొదలవుతుంది. 0.35ని "పాయింట్ థర్టీ ఫైవ్" అని చదువుతాం. వినేవాళ్లకి ముప్పై అయిదే వినపడుతుంది. "సున్నా పాయింట్ మూడు, అయిదు" అని విడివిడిగా చదవండి. సగం గందరగోళం అక్కడే పోతుంది.

ఇక మొదటి రోజు. పుస్తకం మూసేసి చిట్టిని కూరగాయల కొట్టుకి తీసుకెళ్లాను. అరకిలో టమాటాలు, పావు కిలో పచ్చిమిర్చి తీసుకున్నాం. "సంచిలో మొత్తం ఎంత?" అంటే "ముప్పావు కిలో" అని టక్కున చెప్పింది. ఇంటికొచ్చాక అదే లెక్క కాగితం మీద రాయమన్నాను, 0.5 + 0.25 అని. ఏం రాసిందో తెలుసా? 0.30. అయిదూ ఇరవై అయిదూ ముప్పై కదా మరి! నేను తప్పు అనలేదు. "నోటితో ముప్పావు అన్నావు, పెన్సిల్‌తో 0.30 అన్నావు. రెండిట్లో ఏది నిజం?" అన్నాను. అది చాలాసేపు చూసింది. కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా మీద పావు కిలోకి 0.250 అని, అరకిలోకి 0.500 అని పడ్డం చూసింది కదా, అది గుర్తుచేశాను. "అయితే ముప్పావుకి 0.750 పడాలి" అంది. దానంతట అదే.

చూశారా, పావు, అర, ముప్పావు అనే మాటలు మన పిల్లలకి బడికి వెళ్లకముందే తెలుసు. కొత్తగా నేర్పాల్సింది రాసే పద్ధతి ఒక్కటే. పావు 0.25, అర 0.5, ముప్పావు 0.75. ఈ మూడూ ఇంటి గుమ్మం లాంటివి. వీటి మీద నిలబడి మిగతావి చూడొచ్చు.

రెండో రోజు గళ్ల నోట్‌బుక్ తీసుకున్నాం. అడ్డంగా పది గళ్లు, నిలువుగా పది గళ్లు లెక్కపెట్టి చుట్టూ గీత గీశాం. మొత్తం వంద గళ్లు. "ఈ పెద్ద చతురస్రం మొత్తం ఒకటి, అంటే ఒక పెద్ద మైసూర్‌పాక్ అనుకో" అన్నాను. దాన్ని నిలువుగా పది ముక్కలు చేస్తే ఒక్కో ముక్క పదో వంతు, అంటే 0.1. మాటలోనే ఉంది చూడండి, దశ అంటే పది, అంశం అంటే భాగం. దశాంశం అంటే పదో భాగం. ఆ పదో భాగాన్ని మళ్లీ పది చిన్న గళ్లుగా చేస్తే ఒక్కో గడి నూరో వంతు, అంటే 0.01.

ఇప్పుడు 0.5కి ఎర్ర పెన్సిల్‌తో రంగు వేయమన్నాను. అయిదు నిలువు ముక్కలు నిండాయి. ఇంకో చతురస్రంలో 0.35కి రంగు వేయమన్నాను. మూడు నిలువు ముక్కలు, ఆపైన అయిదు చిన్న గళ్లు. పక్కపక్కన పెట్టి చూస్తే ఇంక నేను చెప్పాల్సింది ఏముంది? "పిన్నీ, ఇక్కడ అయిదంటే పెద్ద ముక్కలు, అక్కడ అయిదంటే చిన్న గళ్లు!" అంది. అదీ అసలు పాఠం. అంకె ఎంత అన్నది ఒక్కటే చాలదు, ఆ అంకె ఏ ముక్కని లెక్కపెడుతోంది అన్నది చూడాలి.

దాని పాత ప్రశ్నకి జవాబు కూడా ఆ కాగితం మీదే దొరికింది. అయిదు పెద్ద ముక్కలన్నా, యాభై చిన్న గళ్లన్నా రంగు వేసిన చోటు అదే. అందుకే 0.5, 0.50 రెండూ ఒకటే. మామూలు 5 పక్కన సున్నా పెడితే అయిదు ఒకట్లు కాస్తా అయిదు పదులు అవుతాయి, దాని స్థానం మారిపోతుంది. చుక్క తర్వాత చివర్లో సున్నా పెడితే ముందున్న ఏ అంకె స్థానమూ మారదు. నేను పదేళ్లు రూల్‌గా మోసుకొచ్చినదాన్ని చిట్టి పక్కన కూర్చుని ఆ రోజు చూశాను.

కూడికలో పాయింట్ కింద పాయింట్ పెట్టాలంటారే, దానికీ కారణం ఇదే. పెద్ద ముక్కలు పెద్ద ముక్కలతో, చిన్న గళ్లు చిన్న గళ్లతో కలపాలి. అలాగే "పదితో గుణిస్తే పక్కన సున్నా పెట్టేయ్" అని పిల్లలకి ముందే ఒక చిట్కా నేర్పి ఉంటాం. దశాంశాల దగ్గర అది దెబ్బతీస్తుంది. 2.5ని పదితో గుణించమంటే 2.50 అని రాస్తారు. "రెండున్నర లీటర్ల డబ్బాలు పది ఉంటే ఎన్ని లీటర్లు?" అని అడగండి. 25 అని వాళ్లే చెప్తారు.

మూడో రోజు గోడ దగ్గర ఎత్తులు కొలిచాం. టైలర్ టేపు ఉంటే చాలు. చిట్టి 1 మీటరు 32 సెంటీమీటర్లు, అంటే 1.32 మీటర్లు. దాని తమ్ముడు యూకేజీ. వాడు 1 మీటరు 5 సెంటీమీటర్లు. చిట్టి వాడి పేరు పక్కన 1.5 అని రాసింది. "అయితే వీడు నీకంటే పొడుగన్నమాట" అన్నాను. వాడు ఎగిరి గంతేశాడు. ఇది ఒప్పుకోలేక మళ్లీ లెక్క చూసింది. 1.5 అంటే ఒకటిన్నర మీటరు. 5 సెంటీమీటర్లు అంటే మీటరులో వంద భాగాలకి అయిదు, పెద్ద ముక్క ఒక్కటి కూడా లేదు. ఆ ఖాళీ చోట సున్నా కూర్చోవాలి. 1.05. మధ్యలో సున్నా మర్చిపోవడం పిల్లలు చేసే తప్పుల్లో చాలా మామూలుది. మనం కూడా ఫోన్లో డబ్బులు పంపేటప్పుడు పాయింట్ పడిందో లేదో చూసుకోకపోతే 125.00 కాస్తా 12500 అవుతుంది కదా!

ఇక్కడ ఒక మాట. మన అమ్మానాన్నలకి దశాంశాలు మనంత కష్టంగా ఉండేవి కాదు, ఎందుకంటే వాళ్ల చేతిలో పైసలుండేవి. 1957 ఏప్రిల్ 1న మన దేశంలో రూపాయిని వంద నయా పైసలుగా మార్చారు. అంతకుముందు రూపాయికి పదహారు అణాలు. పదహారణాల తెలుగమ్మాయి అంటాం కదా, అంటే నూటికి నూరు శాతం అన్నమాట! నాలుగు అణాలు పావలా, అంటే పావు రూపాయి, 25 పైసలు. 2011 జూన్ 30 నుంచి ఆ పావలా, అంతకంటే చిన్న నాణేలు చెల్లుబాటులో లేకుండా పోయాయి. నేటి పిల్లలు పైసలని చేత్తో లెక్కపెట్టలేదు. పుస్తకంలో 7 రూపాయల 5 పైసలు అంటే వాళ్లకి అది బొమ్మే. అందుకే కాటా, టేపు, పాల ప్యాకెట్ లాంటి చేతికి అందే వస్తువులు కావాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. చుక్క ఉన్నవన్నీ దశాంశాలు కావు. మా ఇంట్లో క్రికెట్ పిచ్చి. స్కోరు 15.3 ఓవర్లలో 93 అని పడితే, "పదిహేనున్నర ఓవర్లు" అన్నాను. చిట్టి నవ్వింది, "0.5 కదా సగం, అక్కడ 3 ఉంది" అని. నిజమే, కానీ ఓవర్లో ఆరు బంతులు. 15.3 అంటే పదిహేను ఓవర్ల మూడు బంతులు. ఆరులో మూడు అంటే సగమే. 15.5 తర్వాత 15.6 రాదు, 16 వస్తుంది. మొత్తం 93 బంతుల్లో 93 పరుగులు, ఓవర్‌కి సరిగ్గా ఆరు. టైమ్ కూడా అంతే. గంటా ముప్పై నిమిషాలని 1.30 అని రాస్తాం. అది గంటన్నర, అంటే దశాంశంలో 1.5 గంటలు. చుక్క కనపడగానే మళ్లీ అదే ప్రశ్న. ఎంతలో? పదిలోనా, ఆరులోనా, అరవైలోనా?

నాలుగో రోజు శాతాల్లోకి వచ్చాం. కొత్త కాగితం కూడా తీయలేదు. పాత వంద గళ్ల కాగితమే. శతం అంటే నూరు, శాతం అంటే నూటికి ఇంత అని. 35 గళ్లకి రంగు వేసి ఉంది కదా, అది 35 శాతం. అదే 0.35. అదే వందలో ముప్పై అయిదు. ఒకే మనిషిని ఇంట్లో చిట్టి అని, బడిలో ఇంకో పేరుతో పిలిచినట్టు. పావు 25 శాతం, అర 50, ముప్పావు 75. పిల్లలు శాతం చూసి భయపడేది దాన్ని వేరే చాప్టర్‌గా చూపించడం వల్లే. దశాంశాలు, శాతాలు ఒకే కాగితం మీద చూపించండి.

అందరికీ తెలిసిన శాతం ఏది? ఫోన్ బ్యాటరీ! చిట్టికి నా ఫోన్, అక్క ఫోన్ రెండూ ఇచ్చాను. నా ఫోన్ బ్యాటరీ 5000 ఎంఏహెచ్, అందులో 50 శాతం ఉంది. అక్కది 4000, అందులో 60 శాతం ఉంది. "దేన్లో ఎక్కువ చార్జ్ మిగిలింది?" "60 శాతం ఉన్నదాన్లో." సరే, లెక్క వేద్దాం. 5000లో సగం 2500. 4000లో 60 శాతం 2400. తక్కువ శాతం ఉన్న ఫోన్లోనే ఎక్కువ మిగిలింది! ఎంతలో అన్నది చూడకుండా శాతాలని పోలిస్తే ఇలాగే మోసపోతాం.

ఆ 60 శాతం అంత తొందరగా ఎలా వచ్చిందంటే, పది శాతం పట్టుకుంటే చాలు. 4000లో పది శాతం 400, ఆరు సార్లు 2400. 450 రూపాయల్లో పది శాతం 45. అయిదు శాతం కావాలంటే అందులో సగం, 22.50. పదిహేను శాతం కావాలంటే రెండూ కలపండి, 67.50. ఒక శాతం కావాలంటే 4.50. నోటితో చేయగలిగే లెక్క ఇది. పిల్లలకి ముందు ఇది నేర్పండి, ఫార్ములా తర్వాత.

పోల్చడానికి కూడా శాతం ఎంత పనికొస్తుందో చిట్టి మార్కులతోనే చూశాం. తెలుగులో 25కి 18, లెక్కల్లో 50కి 35. "లెక్కల్లోనే ఎక్కువ వచ్చాయి" అని సంబరపడింది. రెండిటినీ వందకి మారిస్తే తెలుగు 72, లెక్కలు 70. వేరువేరు మొత్తాలని ఒకే కొలతకి తేవడానికే శాతం పుట్టింది.

ఇంట్లో రోజూ వచ్చే పాల ప్యాకెట్ చదివించండి. టోన్డ్ పాలైతే కొవ్వు 3.0 శాతం, కొవ్వు కాక మిగిలిన ఘనపదార్థాలు 8.5 శాతం అని ఉంటుంది. ఫుల్ క్రీమ్ అయితే 6.0, 9.0. దశాంశం, శాతం రెండూ ఒకే చోట! 3 శాతం అంటే వంద గ్రాముల పాలలో 3 గ్రాముల కొవ్వు. మరి అర లీటరు ప్యాకెట్‌లో? దాదాపు 15 గ్రాములు. పాల కేంద్రంలో పాలు పోసే ఇల్లయితే ఇంకా మంచిది. కొవ్వు 6.5 వచ్చిన రోజు ఎక్కువ డబ్బులా, 6.35 వచ్చిన రోజా? మొదటి ప్రశ్నే మళ్లీ వచ్చింది చూడండి, ఈసారి డబ్బులతో.

ఇక మనందరం పడే వలలు. ఆన్‌లైన్ సేల్‌లో 1,000 రూపాయల డ్రెస్ మీద 50 శాతం తగ్గింపు, ఆపైన ఇంకో 20 శాతం. మొత్తం 70 శాతం అనుకుంటాం కదా? మొదట 500 అవుతుంది. రెండో 20 శాతం ఆ 500లోనే, అంటే వంద. కట్టాల్సింది 400, తగ్గింది 60 శాతం. ఇంకోటి: టమాటా కిలో 50 రూపాయలు, 20 శాతం పెరిగింది, 60 అయింది. తర్వాత 20 శాతం తగ్గింది. మళ్లీ 50కి వచ్చిందా? లేదు, 60లో 20 శాతం 12. 48కి వచ్చింది. పెరిగినప్పుడు యాభైలో లెక్క, తగ్గినప్పుడు అరవైలో లెక్క. ఇవి చిట్టికి చెప్తే కళ్లు పెద్దవి చేసి, "అంటే రెండు ఇరవైలూ ఒకటి కాదా!" అంది.

చివరిగా వడ్డీ. పిల్లలకి వడ్డీ ఎందుకు అనకండి, ఇంట్లో వింటూనే ఉంటారు. 2004లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాలకి పావలా వడ్డీ పథకం వచ్చింది. నూటికి నెలకి పావలా, అంటే 0.25 రూపాయి. పన్నెండు నెలలకి 3 రూపాయలు. ఏడాదికి 3 శాతం. ఆ ఒక్క పేరులోనే దశాంశం, శాతం రెండూ ఉన్నాయి. ఇప్పుడు మీ ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు చూడండి. "రోజుకి 0.5 శాతం వడ్డీ మాత్రమే" అని ఉంటుంది. 0.5 ఎంత చిన్నగా కనిపిస్తోంది! 10,000 తీసుకుంటే రోజుకి 50. ముప్పై రోజులకి 1,500. ఊరి భాషలో చెప్పాలంటే పదిహేను రూపాయల వడ్డీ. ఏడాదికి 182.5 శాతం. ఆ మెసేజ్ రాసినవాడు అబద్ధం చెప్పలేదు. "ఎన్నాళ్లకి?" అని మనం అడగమనే వాడి ధైర్యం. డిజిటల్ అప్పులకి రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధనల ప్రకారం, అప్పు ఖర్చు మొత్తం ఏడాదికి ఎంత శాతం పడుతుందో ముందే పత్రంలో చూపించాలి. నొక్కేముందు ఆ అంకె ఎక్కడుందో వెతకండి. కనపడకపోతే నొక్కకండి.

మీరు ఇంట్లో మొదలుపెట్టాలనుకుంటే నాలుగే మాటలు. రోజుకి పదిహేను నిమిషాలు చాలు, విసుగు రాకముందే ఆపేయండి. ముందు వస్తువు, తర్వాత గళ్ల కాగితం, ఆ తర్వాతే అంకెలు. కాలిక్యులేటర్ ఇవ్వండి, కానీ ముందు అంచనా చెప్పించాకే. 0.5 + 0.25 సగం కంటే ఎక్కువ వస్తుందా తక్కువ వస్తుందా అని అడిగాక నొక్కనివ్వండి. మీకు తెలియకపోతే "నాకూ తెలియదు, పద చూద్దాం" అనండి. చిట్టి నా దగ్గర చనువుగా ప్రశ్నలడగడం మొదలుపెట్టింది నేనలా అన్న రోజు నుంచే.

పోయిన వారం అక్క ఫోన్ చేసింది. మా నాన్న వాళ్లింట్లో ఉన్నారట. ఆయన ఫోన్‌కి అలాంటి మెసేజే ఒకటి వస్తే, "అర శాతమేనట" అని పైకి చదివారట. హోంవర్క్ చేసుకుంటున్న చిట్టి తలెత్తకుండానే అడిగిందట, "ఎన్నాళ్లకి తాతయ్యా?" అని. నాన్న ఫోన్ పక్కన పెట్టేసి చాలాసేపు దాని తల నిమురుతూ కూర్చున్నారని అక్క చెప్పింది. ఎందుకో అక్కకి తెలియదు. నాకు తెలుసు.

ఈ రోజుకి ఇంతేనండీ. వంద గళ్ల కాగితం ఒకటి గీసి మీ ఇంట్లో చిన్నవాళ్ల ముందు పెట్టండి, 0.5, 0.35 అడగండి. వాళ్లు ఏం చెప్పారో, ఎందుకు చెప్పారో నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో భిన్నాల సంగతి చూద్దాం. అంతవరకు సెలవు, నమస్తే.